సర్వశక్తిమంతుడైన దేవుడు: ఒక నాస్తికుడి ప్రశ్నలు, ఆస్తికుల నుంచి సూటి జవాబులు కావాలి

నాస్తికమిత్ర:
అందరికీ నమస్కారం. నేను నాస్తికుణ్ణి. ఇక్కడ ఆస్తికులు చాలామంది ఉన్నారని తెలిసే అడుగుతున్నాను. నాలాంటి వాళ్ల మధ్య ఈ ప్రశ్నలు వేస్తే అందరూ తలూపుతారు తప్ప ఎదురు చెప్పేవాళ్లు ఉండరు.

మొదటిది మీరంతా విన్నదే. దేవుడు తాను కూడా ఎత్తలేనంత బరువైన రాయిని సృష్టించగలడా? సృష్టిస్తే ఎత్తలేడు. సృష్టించలేకపోతే అదీ చేతకానట్టే. ఎటు తిరిగినా ఆయనకు సాధ్యం కానిది ఒకటి మిగిలిపోతుంది.

రెండోది గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పేరు మీద రెండు వేల ఏళ్లకు పైగా నడుస్తున్న ప్రశ్న. దుఃఖాన్ని ఆపాలని ఉన్నా దేవుడు ఆపలేకపోతే ఆయనకు శక్తి లేదు. ఆపగలిగి కూడా ఆపకపోతే దయ లేదు. శక్తీ దయా రెండూ ఉంటే లోకంలో ఇంత దుఃఖం ఎక్కడిది? స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ చనిపోయాక 1779లో అచ్చయిన సంభాషణల్లోనూ ఇదే ప్రశ్న ఉంది. ఎపిక్యూరస్ ప్రశ్నలకు ఇంకా జవాబు రాలేదని అక్కడ ఒక పాత్ర చేత అనిపించాడు.

మూడోది నన్ను ఎక్కువగా వేధించేది. ఈ ప్రశ్నలు అడిగినప్పుడల్లా పండితులు చెప్పే దేవుడు ఒకలా ఉంటాడు, జనం చేతులు జోడించి వేడుకునే దేవుడు ఇంకోలా ఉంటాడు. చర్చల్లో దేవుడికి తర్కం ఒక హద్దు, కర్మ ఒక హద్దు, మనిషి స్వేచ్ఛ ఇంకో హద్దు. ఆస్పత్రి వరండాలో మాత్రం ఆయనకు ఏ హద్దూ లేదు, ఏమైనా చేయగలడు. వీళ్లిద్దరూ ఒక్కరేనా? దయచేసి దీనికి జవాబు చెప్పండి.

తర్కవేది:
రాయి ప్రశ్న చూడ్డానికి పదునుగా ఉంటుంది గానీ దానితో దేవుణ్ణి పడగొట్టలేం. నేనూ మీ వైపే మొగ్గేవాణ్ణి, అయినా చెప్తున్నాను. 13వ శతాబ్దంలోనే క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ దీనికి దారి చూపించాడు. సర్వశక్తి అంటే సాధ్యమయ్యేవన్నీ చేయగలగడం. నాలుగు మూలలున్న వృత్తం లాంటిది అసలు ఒక పనే కాదు, కాబట్టి అది చేయలేకపోవడం లోటు అనిపించుకోదు. సర్వశక్తిమంతుడు ఎత్తలేని రాయి కూడా అలాంటిదేనని 1963లో జార్జ్ మావ్రోడెస్ వాదించాడు.

ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ మాత్రం ఇంకా ముందుకెళ్లాడు. గణిత సత్యాలను కూడా దేవుడే ఏర్పరిచాడని 1630లో రాసిన ఉత్తరాల్లో అన్నాడు. అలాంటి దేవుణ్ణి కూడా రాయి ఇబ్బంది పెట్టదు. 1964లో హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ చాలా చిన్న వ్యాసంలో ఆ సంగతి తేల్చేశాడు. తర్కానికి విరుద్ధమైన పని చేయగలిగినవాడు ఎత్తలేని రాయిని సృష్టిస్తాడు, తర్వాత దాన్ని ఎత్తుతాడు కూడా. ఒక అసంభవం చేసినవాడికి రెండోది అడ్డేముంది?

మీ రెండో ప్రశ్న మీద, మూడో ప్రశ్న మీద ఉండండి. బలమంతా అక్కడే ఉంది.

నాస్తికమిత్ర:
సరే, రాయిని పక్కన పెడదాం. కానీ మీరు చెప్పిన అక్వినాస్ దగ్గరే నాకు ఇంకో చిక్కు వస్తోంది. జరిగిపోయినదాన్ని జరగనట్టు చేయడం దేవుడి వల్ల కూడా కాదని ఆయనే అన్నాడు. ఇప్పుడు ఒక మనిషి ఒంట్లోంచి ముక్క తీసి బయాప్సీకి పంపారు, రిపోర్టు ఇంకా రాలేదు. ఆ ముక్కలో క్యాన్సర్ కణాలున్నాయా లేవా అన్నది ఇప్పటికే తేలిపోయిన సంగతి. మనకు తెలియదు, అంతే. రిపోర్టు వచ్చేదాకా ఇంటిల్లిపాదీ "ఏమీ లేదని రావాలి దేవుడా" అని ప్రార్థిస్తూనే ఉంటారు. వాళ్లు అడుగుతున్నది ఏమిటి? గతాన్ని మార్చమనేగా? అది కుదరని పని అని వేదాంతులే అంటున్నప్పుడు, ఆ కుటుంబానికి ఎవరూ ఆ మాట ఎందుకు చెప్పరు?

సువార్త_పాఠకుడు:
మంచి ప్రశ్న వేశారు. మా వైపు నుంచి దీనికి ఒక జవాబు ఉంది. 6వ శతాబ్దంలో బొయీతియస్ అనే క్రైస్తవ తత్వవేత్త చెప్పిన ప్రకారం దేవుడు కాలం లోపల లేడు. మనకు నిన్న, ఇవాళ, రేపు అని విడివిడిగా కనిపించేవన్నీ ఆయనకు ఒక్కసారే కనిపిస్తాయి. అంటే ఆ కుటుంబం ఇవాళ చేసే ప్రార్థన ఆయనకు ఎప్పుడూ ఎదుటే ఉంది. ఆ ముక్క తీయక ముందే, ఆ కణం మొదటిసారి చీలక ముందే, ఈ ప్రార్థనను లెక్కలోకి తీసుకునే వీలు ఆయనకు ఉంది. కాబట్టి వాళ్లు గతాన్ని మార్చమని అడగడం లేదు. గతం అలా జరగడానికి తమ ప్రార్థన కూడా ఒక కారణం కావాలని అడుగుతున్నారు.

నాస్తికమిత్ర:
నేను నమ్మను గానీ, ఈ జవాబు నాకు నచ్చింది. ఇందులో తప్పించుకోవడం లేదు. అయితే దీని వెనకే ఇంకో ప్రశ్న ఉంది. తన కోసం ప్రార్థించేవాళ్లు ఒక్కరు కూడా లేని అనాథ పిల్ల సంగతేమిటి? అదే జబ్బు, అదే కణం. ఎవరో అడిగారని ఒకరి గతాన్ని సరిచేసి, ఎవరూ అడగలేదని ఇంకొకరిని వదిలేసే దేవుడు దయామయుడా? అందరినీ సమానంగా చూస్తే ప్రార్థన వల్ల తేడా రాదు. తేడా వస్తే సమానంగా చూడనట్టే.

శరణాగతి:
బాబూ, నేను వయసులో పెద్దవాణ్ణి. వేదాంతం కొంచెం చదువుకున్నాను. మీరు అడిగే రెండో ప్రశ్న మనవాళ్లకు కొత్తేమీ కాదు. బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం మొదటి పాదంలో 34వ సూత్రం దీని గురించే. ఒకణ్ణి సుఖంలో, ఇంకొకణ్ణి కష్టంలో పుట్టించే ఈశ్వరుడికి పక్షపాతం, క్రూరత్వం అంటుకోవా అన్నది అక్కడి ఆక్షేపణ. అంటుకోవు, ఎందుకంటే ఆయన జీవుల కర్మను అనుసరించి సృష్టి చేస్తాడు అన్నది జవాబు. శంకరాచార్యులు భాష్యంలో వర్షాన్ని ఉదాహరణగా చెప్పారు. వాన అన్ని విత్తనాల మీదా ఒకేలా పడుతుంది. వరి మొలుస్తుందా, యవలు మొలుస్తాయా అన్నది విత్తనాన్ని బట్టి ఉంటుంది. తేడా వానది కాదు.

మరి మొట్టమొదటి సృష్టిలో కర్మ ఎక్కడిది అని మీరు అడుగుతారు. 35వ సూత్రం ఆ ఆక్షేపణే తీసుకుంది. సంసారానికి మొదలు లేదు, కాబట్టి మొదటి కర్మ అనేదీ లేదు. ఆ అనాథ పిల్ల విషయంలోనూ మా సమాధానం ఇదే.

నాస్తికమిత్ర:
శరణాగతి గారూ, సూత్రం సంఖ్యతో సహా చెప్పినందుకు ధన్యవాదాలు. మన పూర్వులు ఈ ఆక్షేపణను దాచకుండా గ్రంథంలోనే పెట్టి జవాబు వెతికారంటే నాకు గౌరవమే.

కానీ వానకు తెలివి లేదు. ఏ విత్తనం దేన్ని మొలిపిస్తుందో దానికి తెలియదు, అందుకే దాన్ని ఎవరూ తప్పుపట్టరు. దేవుడికి అన్నీ తెలుసు కదా. తెలిసీ కురిసేవాడికి బాధ్యత ఉంటుంది. వానలాగే తేడా చూపనివాడైతే, వేడుకున్నంత మాత్రాన ఫలితం మారకూడదు. మారుతుందంటే ఆ ఉదాహరణ పనిచేయదు.

మొదలు లేదనడం కూడా నన్ను తృప్తిపరచడం లేదు. ఈ జన్మలో ఈ కష్టం ఎందుకు అంటే పోయిన జన్మ, అది ఎందుకు అంటే అంతకు ముందుది. ఇలా వెనక్కి ఎంత దూరం పోయినా ప్రతి మెట్టుకూ కారణం దొరుకుతుంది గానీ, అసలు ఈ మెట్ల వరసే ఎందుకుందో తెలియదు. సర్వశక్తిమంతుడు కర్మ లేని లోకాన్ని ఎందుకు ఏర్పరచలేదు? ఏర్పరచలేకపోతే ఆయనకంటే కర్మ పెద్దది.

నూర్_వెలుగు:
ఇక్కడ మా ఇస్లాం సంప్రదాయంలో చెప్పుకునే ఒక కథ చెప్పాలి. 10వ శతాబ్దపు అబుల్ హసన్ అల్ అష్అరీ మొదట ముఅతజిలా అనే వేదాంత శాఖ పండితుడు జుబ్బాయీ దగ్గర శిష్యుడు. దేవుడు ఎప్పుడూ న్యాయమే చేయాలి, దాసులకు మేలైనదే చేయాలి అన్నది ముఅతజిలా వాదం. శిష్యుడు గురువును ముగ్గురు అన్నదమ్ముల గురించి అడిగాడట. ఒకడు విశ్వాసిగా పోయాడు, ఒకడు అవిశ్వాసిగా పోయాడు, ఒకడు పసితనంలో పోయాడు. పసివాడు దేవుణ్ణి "నన్ను కూడా బతకనిస్తే అన్నలా మంచి పనులు చేసి పై స్థానం పొందేవాణ్ణిగా" అంటే? "నువ్వు పెరిగితే పాపివయ్యేవాడివి, నీ మేలు కోరే ముందే తీసుకెళ్లాను" అని జవాబు అన్నాడు గురువు. అప్పుడు నరకంలో ఉన్నవాడు "మరి నన్నూ పసితనంలోనే ఎందుకు తీసుకెళ్లలేదు" అని అరిస్తే? గురువు దగ్గర మాట లేదట.

ఆ తర్వాత అష్అరీ ముఅతజిలాను వదిలేశాడు. దేవుణ్ణి మన న్యాయం కొలతలతో కొలవలేం, ఆయన చేసిందే న్యాయం అన్నాడు. మా వాళ్లలో చాలామంది ఆ దారిలోనే ఉన్నారు. నాకు మాత్రం ముఅతజిలా ప్రశ్న ఇంకా బతికే ఉందనిపిస్తుంది. నేను విశ్వాసినే, ఐదు పూటలా ప్రార్థన చేసేదాన్ని. ప్రశ్న ఉన్నంత మాత్రాన విశ్వాసం పోదు.

అగ్గిబరాటా:
ఇన్ని ప్రశ్నలు అడిగేవాళ్లు ఒక మతాన్నే ఎందుకు అడుగుతారో అర్థం కాదు. ధైర్యం ఉంటే మిగతా వాళ్ల దగ్గరకెళ్లి అడగండి. మన సంస్కృతిని కించపరచడం తప్ప వేరే పని లేదా?

నాస్తికమిత్ర:
పైన ఉన్న పోస్టులన్నీ చదవండి. మూడు మతాల వాళ్లు ఇప్పటికే జవాబు చెప్పారు, ముగ్గురినీ ఒకేలా అడిగాను.

నిర్వాహకుడు:
అగ్గిబరాటా గారూ, ప్రశ్న మీద మాట్లాడండి, అడిగినవాళ్ల ఉద్దేశం మీద వద్దు. ఇంకెవరైనా ఇలా రాస్తే పోస్టు తీసేస్తాను. చర్చ కొనసాగించండి.

పూర్వపక్షం:
మన సంస్కృతి అనే మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. సృష్టికర్త లేడనడం బయటి నుంచి దిగుమతి అయిన ఆలోచన అనుకోవద్దు. చార్వాకులను, జైనులను, బౌద్ధులను అటుంచుదాం. వేదాన్ని ప్రమాణంగా తీసుకుని, యజ్ఞయాగాలు విధిగా చేయాలన్న మీమాంసకులే సృష్టికర్తను ఒప్పుకోలేదు. 7వ శతాబ్దంలో కుమారిల భట్టు వేసిన ప్రశ్నలు ఇవాళ ఏ నాస్తికుడూ వేయనంత గట్టివి. ఏ ప్రయోజనమూ లేకుండా మందబుద్ధి కూడా ఏ పనికీ పూనుకోడు, మరి ఏ లోటూ లేనివాడు లోకాన్ని ఎందుకు సృష్టించాడు? దయతో అంటే, సృష్టికి ముందు దయ చూపించడానికి జీవులే లేరు కదా? దయతోనే అయితే అందరినీ సుఖంగానే పుట్టించాలి కదా? ఇదీ ఆయన వరస.

ఈశ్వరుడు ఉన్నాడని రుజువు కాలేదని సాంఖ్య సూత్రాల్లో ఉంది. యోగసూత్రాల్లో ఈశ్వరుడు ఉన్నాడు గానీ లోకాన్ని పుట్టించిన కర్తగా కాదు, క్లేశాలూ కర్మా అంటని ఒక ప్రత్యేక పురుషుడిగా ఉన్నాడు. వీళ్లెవరికీ నాస్తికమిత్ర గారి రెండో ప్రశ్న తగలదు, ఎందుకంటే వాళ్ల దేవుడు అన్నీ చేసేవాడు కాదు.

మరోవైపు నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, ఈశ్వరుడి కోసం గట్టిగా నిలబడ్డారు. వాళ్లలో ఒకడైన ఉదయనుడి వాదాల్లో ఒకటి శరణాగతి గారికి పనికొస్తుంది. కర్మ జడం, దానికి తెలివి లేదు. ఎవరికి ఏ ఫలం ఎప్పుడు అందాలో జడపదార్థం లెక్కగట్టలేదు, కాబట్టి తెలిసినవాడు ఒకడు పైన ఉండాలి. నాస్తికమిత్ర గారు వాన గురించి అడిగిన ప్రశ్నకు జవాబు దొరికే చోటు ఇదే అయినా, ఆ జవాబు ఆయన ఆక్షేపణను ఇంకా బలపరుస్తుందేమో కూడా చూడాలి. తెలిసినవాడే పంచుతున్నాడు కాబట్టి.

వెతుకులాట:
విపత్తుల గురించి ఎవరూ మాట్లాడలేదు. మనుషుల చెడ్డతనానికి స్వేచ్ఛ కారణం అంటారు, మరి భూమి కంపిస్తే ఎవరి స్వేచ్ఛ?

1755 నవంబర్ 1న లిస్బన్ నగరంలో భూకంపం వచ్చింది. ఆ రోజు పరిశుద్ధులందరి పండుగ. ఉదయం జనమంతా చర్చిల్లో ప్రార్థనలో ఉండగా కప్పులు కూలాయి. తర్వాత సముద్రం పొంగింది, తర్వాత మంటలు చుట్టుముట్టాయి. వేలమంది పోయారు. సాధ్యమైన లోకాల్లోకెల్లా ఇదే ఉత్తమమైనదని జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ 1710లో రాశాడు. ఆ మాట మీద ఫ్రెంచి రచయిత వోల్టేర్ విరుచుకుపడడానికి ఈ భూకంపమే పెద్ద కారణం.

ఇంతకంటే నన్ను ఆలోచింపజేసింది 1934 బిహార్ భూకంపం. జనవరి 15న వచ్చింది. అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అది అని గాంధీ బహిరంగంగా అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. ప్రకృతి విపత్తులకు ప్రకృతిలోనే కారణాలుంటాయి, వాటిని మన నీతితో ముడిపెడితే సనాతనులు కూడా ఇదే వాదం పట్టుకుని ఈ భూకంపం గాంధీ అనుచరుల పాపం వల్లే వచ్చిందనగలరు అన్నారు. గాంధీ ఆ విమర్శను తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి జవాబు రాశారు. అంటరానితనం పోవాలన్న విషయంలో ఇద్దరిదీ ఒకే మాట, ఇద్దరూ దేవుణ్ణి నమ్మినవాళ్లే. అయినా ఒకే భూకంపంలో ఒకరికి శిక్ష కనిపించింది, ఇంకొకరికి భూగర్భం కనిపించింది. నాస్తికమిత్ర గారు చెప్పిన ఇద్దరు దేవుళ్లు నాకు అక్కడ కనిపిస్తారు.

బిహార్‌లో శిథిలాల కింద నలిగిపోయిన వాళ్లలో అంటరానితనం అనుభవించినవాళ్లూ ఉంటారు కదా. శిక్ష వాళ్లకెందుకు పడినట్టు? గాంధీ మీద నాకు ఎంతో గౌరవం ఉంది, కానీ ఈ మాట మాత్రం ఎప్పటికీ ఒప్పుకోలేను.

సువార్త_పాఠకుడు:
స్వేచ్ఛ గురించి మా వైపు వాదం కూడా పూర్తిగా పెడతాను. 1955లో జె.ఎల్. మాకీ అనే తత్వవేత్త, దేవుడి శక్తి, దేవుడి మంచితనం, లోకంలో చెడు, ఈ మూడూ కలిసి ఉండడం తర్కానికే విరుద్ధం అన్నాడు. స్వేచ్ఛ ఇచ్చి కూడా ఎప్పుడూ మంచినే ఎంచుకునే మనుషులను సృష్టించవచ్చుగా అని అడిగాడు. 1970లలో ఆల్విన్ ప్లాంటింగా దీనికి జవాబు చెప్పాడు. స్వేచ్ఛగా ఎంచుకోవడం అంటే ఆ ఎంపిక మనిషి చేతిలో ఉండాలి. ఏ మనిషి ఏది ఎంచుకుంటాడన్నది ఆ మనిషిని బట్టి ఉంటుంది కాబట్టి, ఒక్క తప్పు కూడా చేయని స్వేచ్ఛా జీవులతో నిండిన లోకం దేవుడి చేతిలో కూడా ఉండకపోవచ్చు అన్నాడు. తర్క విరుద్ధం అనే బలమైన ఆరోపణ నిలబడదని నాస్తిక తత్వవేత్తల్లో కూడా చాలామంది ఒప్పుకున్నారు.

భూకంపాల దగ్గర ఈ వాదం అంత బలంగా లేదు, అది నాకూ తెలుసు. అక్కడ నేను యోబు గ్రంథం దగ్గరికి వెళ్తాను. యోబు పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకుంటాడు. స్నేహితులు వచ్చి నువ్వేదో పాపం చేసి ఉంటావు అంటారు. చివర్లో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు గానీ ఎందుకో మాత్రం చెప్పడు. కానీ ఆ స్నేహితుల మీద కోప్పడతాడు, నా గురించి మీరు సరిగ్గా మాట్లాడలేదు అంటాడు. బాధపడేవాణ్ణి పట్టుకుని నీ పాపమే ఇది అన్నవాళ్లనే గ్రంథం తప్పుపట్టింది. నాకు అది చాలా పెద్ద విషయం.

నాస్తికమిత్ర:
యోబు స్నేహితుల సంగతి బాగా గుర్తుచేశారు. కానీ జంతువుల మాటేమిటి? 1979లో విలియం రో ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఎవరూ లేని అడవిలో పిడుగుపడి మంటలు రేగాయి. ఒక జింకపిల్ల కాలిన గాయాలతో రోజుల తరబడి విలవిల్లాడి చచ్చిపోయింది. చూసి నేర్చుకునే మనిషి లేడు, దాని వల్ల పెరిగే ధైర్యమూ లేదు, జాలీ లేదు. మనిషి పుట్టకముందు కోట్ల ఏళ్లపాటు భూమి మీద ఇలాంటివి జరుగుతూనే ఉన్నాయి. గొంగళిపురుగును బతికుండగానే లోపలినుంచి తినే కందిరీగ జాతి ఒకటి ఉంది. దయగల దేవుడు దాన్ని కావాలని సృష్టించాడని నమ్మలేకపోతున్నానని డార్విన్ 1860లో వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రేకి ఉత్తరం రాశాడు. జంతువుల నొప్పికి స్వేచ్ఛా కాదు, కర్మా కాదు, పాపమూ కాదు కారణం.

ఇక్కడ చాలామంది "దేవుడికి మనకు తెలియని కారణాలు ఉండవచ్చు" అంటారు. ఉండవచ్చు. అయితే అదే నోటితో "దేవుడు దయామయుడు" అని నిశ్చయంగా ఎలా అంటారు? ఆయన కారణాలు మనకు తెలియనంత లోతైనవైతే, మంచి చేశాడనిపించినప్పుడు కూడా ఆ కారణాలు మనకు తెలియవు కదా. చెడు జరిగితే రహస్యం, మంచి జరిగితే రుజువు. ఈ లెక్క నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

శరణాగతి:
జంతువులకూ పూర్వజన్మ ఉందని మా సిద్ధాంతం, అది మీరు ఒప్పుకోరని తెలుసు. మిగతా విషయానికి రేపు జవాబు రాస్తాను.

స్టెతస్కోపు:
నేను డాక్టర్ని. ప్రార్థన మాట వచ్చింది కాబట్టి, 2006లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్తాను. గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి రెండు గుంపుల వాళ్లకు తమ కోసం ప్రార్థన జరుగుతుందో లేదో చెప్పలేదు. వాళ్లలో ఒక గుంపు కోసం ప్రార్థన చేశారు, ఇంకో గుంపు కోసం చేయలేదు. మూడో గుంపుకి ప్రార్థన జరుగుతోందని ముందే చెప్పి చేశారు. మొదటి గుంపులో 52 శాతం మందికి, రెండో గుంపులో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. అంటే తేడా లేనట్టే. ప్రార్థన జరుగుతోందని తెలిసిన మూడో గుంపులో 59 శాతం. నా కోసం ప్రార్థించాల్సి వచ్చిందంటే నా పరిస్థితి అంత బాలేదా అన్న టెన్షన్ ఒక కారణం కావచ్చని అనుకున్నారు.

దీంతో దేవుడు లేడని తేలిందని నేను అనను. దేవుణ్ణి ప్రయోగానికి పెట్టలేం అని ఆస్తికులు అంటారు, ఆ మాటకు నేను అడ్డు చెప్పను. కానీ అప్పుడు కోలుకున్న ప్రతి కేసునీ ప్రార్థన ఫలితం అని చూపించకూడదు. ప్రయోగానికి అందనిది సాక్ష్యానికీ అందదు. ఇది నేను నా పేషెంట్లతో ఎప్పుడూ అనను, ఇక్కడ అంటున్నాను. నమ్మకం వాళ్లకు ధైర్యం ఇస్తుంటే చికిత్స మానకుండా చూసుకోవడం మాత్రమే నా పని.

దీపశిఖ:
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. ఈ వాదాలన్నీ నాకు అందవు, కానీ బయాప్సీ మాట దగ్గర ఆగిపోయాను. మా తమ్ముడికి అలాంటి జబ్బే వచ్చింది. రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజుల్లో నేను దేవుణ్ణి అడిగాను. గతమా, భవిష్యత్తా అని ఆలోచించలేదు. అడిగాను, అంతే. వాడు దక్కలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లలో ముగ్గురు నలుగురు "పూర్వజన్మ కర్మ, ఏం చేస్తాం" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ వాడు పోయినదానికంటే ఆ మాట ఎక్కువ కోసింది. ఎప్పుడూ ఎవరికీ అపకారం చేయని వాణ్ణి, గుర్తులేని ఏదో జన్మలో నేరస్థుణ్ణి చేసి చూపించారు. వాడికి తనను తాను సమర్థించుకునే అవకాశం కూడా లేదు.

నేను ఇంకా నమ్ముతాను. నాస్తికమిత్ర గారూ, మీరు అడిగిన ఇద్దరు దేవుళ్లలో నాకు ఏమైనా చేయగల దేవుడు మిగల్లేదు. నాతోపాటు అక్కడ ఉన్నవాడు మిగిలాడు. అది మీకు నచ్చకపోవచ్చు. మీ ప్రశ్నలకు నాకు కోపం రాలేదు, కర్మ అన్నవాళ్ల మీదే వచ్చింది.

తర్కవేది:
దీపశిఖ గారూ, మీరు చెప్పిన చోటికే ఒక తత్వవేత్త కూడా చేరుకున్నాడు. హాన్స్ జోనాస్ తల్లిని నాజీలు ఆష్విట్జ్‌లో చంపారు. 1984లో ఆయన ఒక ఉపన్యాసంలో, ఇలాంటివి జరిగాక దేవుడు మంచివాడు, దేవుణ్ణి మనం అర్థం చేసుకోగలం, దేవుడు సర్వశక్తిమంతుడు అనే మూడింటినీ కలిపి పట్టుకోలేం అన్నాడు. మొదటి రెండూ ఉంచుకుని మూడోది వదిలేశాడు. లోకాన్ని ఉండనివ్వడం కోసం దేవుడు తన శక్తిని తానే వదులుకున్నాడని ఊహించాడు. అది రుజువు కాదని ఆయనకూ తెలుసు. కానీ రెండో ప్రశ్నకు మంచితనాన్ని ముక్కలు చేయకుండా నిజంగా జవాబు చెప్పిన కొద్దిమందిలో ఆయన ఒకడని నా అభిప్రాయం. మిగతా జవాబులన్నీ శక్తిని కాపాడడానికి దయను కోస్తాయి.

నాస్తికమిత్ర:
దీపశిఖ గారూ, మీ తమ్ముడి గురించి చదివి బాధేసింది. మీరు చెప్పిన దేవుడితో నాకు గొడవ లేదు. ఆయన ఉన్నాడని నేను అనుకోను, కానీ ఆయన్ని నమ్మినందువల్ల ఎవరూ బాధితుణ్ణి దోషిగా చూడరు.

శరణాగతి గారూ, మీ జవాబు కోసం చూస్తున్నాను. సూటిగా అడుగుతున్నాను. పిల్లను పోగొట్టుకున్న తల్లి వచ్చి ఎందుకు ఇలా జరిగింది అని అడిగితే, ఆ 34వ సూత్రం ఆమెకు చెప్తారా?

శరణాగతి:
చెప్పను బాబూ. పక్కన కూర్చుంటాను. దీపశిఖమ్మ రాసింది చదివాక నిద్రపట్టలేదు. సూత్రం నిజమని నేను నమ్ముతాను, కానీ అది ఇంకొకరి దుఃఖం మీద వేలు పెట్టి చూపించడానికి చెప్పింది కాదు. కర్మ సిద్ధాంతం ఎవరికి వారు తమ గురించి తలచుకోవాల్సింది. ఎదుటివాడి గురించి తీర్పు చెప్పే అధికారం అది ఎవరికీ ఇవ్వలేదు. అమ్మా, అలా అన్నవాళ్ల తరఫున నేను క్షమాపణ అడగలేను, కానీ వాళ్లు అన్నది శాస్త్రం కాదని మాత్రం చెప్పగలను.

ఇక మీ మూడో ప్రశ్న. నేను రోజూ ప్రార్థించేటప్పుడు ఏం అడుగుతాను? నిజం చెప్తున్నాను, మా మనవరాలికి జ్వరం వస్తే తగ్గించమనే అడుగుతాను. కర్మ ప్రకారం కానివ్వు అని అడగను. చదువుకున్న ఈశ్వరుడూ అడిగిన ఈశ్వరుడూ ఒక్కరేనని నమ్ముతాను. ఎలా ఒక్కరో మీకు తర్కంతో చూపించలేను. పోతన గారి గజేంద్రుడు కూడా మొర వింటున్నవాడు ఉన్నాడో లేడో అని సందేహపడ్డాడు, సందేహపడుతూనే పిలిచాడు. ఆ సందేహం తప్పని భాగవతం ఎక్కడా అనలేదు.

నాస్తికమిత్ర:
ఇది నేను అడిగిన సూటి జవాబు. ధన్యవాదాలు.

అయినా నాకు ఒకటి మిగిలే ఉంది. ఒక వివరణ బాధితుడి ముందు చెప్పలేనిదైనంత మాత్రాన అబద్ధం కాదు, దానికి ఒప్పుకుంటాను. కానీ అది నిజమని నమ్మడానికి బాధితుడి ఓదార్పు కాకుండా వేరే ఆధారం కావాలి. కర్మను పంచేవాడు ఒకడు పైన ఉన్నాడనడానికి ఆధారం ఏమిటి? పంచే పద్ధతి మనకు కనిపించదు, లెక్క కనిపించదు, పోయిన జన్మ గుర్తు లేదు. జడమైన కర్మ తనంతట తాను పనిచేయలేదు అన్నది ఉదయనుడి వాదం అన్నారు. కుమారిలుడు అదే కర్మను ఈశ్వరుడు లేకుండానే నడిపించాడు కదా. ఇద్దరిలో ఎవరి వైపు ఎందుకు ఉండాలి?

పూర్వపక్షం:
ఆ ఇద్దరి వాదం చాలా పొడవు. యజ్ఞం ఇవాళ చేస్తే ఫలం ఎప్పుడో వస్తుంది, మధ్యలో దాన్ని మోసేది ఏది అన్న దగ్గర మీమాంసకులు అపూర్వం అనే శక్తిని ఒప్పుకున్నారు. నైయాయికులు కూడా కర్మ మిగిల్చే కనిపించని శక్తిని, అంటే అదృష్టాన్ని, ఒప్పుకున్నారు గానీ దాన్ని నడిపించడానికి చేతనుడు కావాలన్నారు. శరణాగతి గారూ, మీరు ఉదయనుడి వైపు నుంచి మొదలుపెట్టండి, నేను కుమారిలుడి వైపు తీసుకుంటాను. విడిగా కొత్త థ్రెడ్ పెడదామా?

శరణాగతి:
పెట్టండి. మొదటి పోస్టు ఈ ఆదివారం నేను రాస్తాను. నాస్తికమిత్ర గారు ఆక్షేపణలు ఏవీ తగ్గించకుండా రాయాలి.